అక్క నోట్ల మిగిలిన కొస

ఇందుల ప్రతి ముక్క నిజం. ఒక్క మాట కల్పించినా కొండగట్టు అంజన్న గుట్ట దిగొచ్చి తోకతోని వీపు మీద ఒక్కటియ్యాలె. నమ్మనోళ్లు సిరిసిల్లకు పోయి రాజనర్సును అడుగొచ్చు. ఆయన అబద్ధమాడడు. ఆడినా సాంచెల సప్పుడుల ఎవ్వరికీ ఇనవడదు.

సాంచెలంటే మరమగ్గాలు. సిరిసిల్లల కోడి కంటే ముందు అవే కూస్తయి. ఆ అదురుకు గోడ మీది దేవుని పటాలు రోజుకింత పక్కకు జరుగుకుంట జరుగుకుంట నెల తిరిగేసరికి పక్కింటి గోడ మీదికి పోతయి, మళ్ల పోయి అడిగి తెచ్చుకోవాలె. అక్కడ చెవుల చెప్పిన ముచ్చట వేములవాడల ఇనవడ్తది. రాజనర్సు ఆ సాంచెల మీద పనిచేసేటోడు. పొద్దున చాయ తాగి పోవుడు, తెగిన పోగు కనపడంగనే సాంచె ఆపి ముడేసుడు, మళ్ల నడుపుడు, అదే పని. మధ్యాహ్నం కాంగనే చిన్నబిడ్డ భాగ్యశ్రీ సందు మొగదల నిలవడి, "నాయినా, బువ్వకు రా" అని పిలిచేది. ఆ పిలుపుకు నాయిన ఒక్కడే కాదు, సందుల మొగోళ్లంత చేతులు కడుక్కొని బువ్వకు కూసునేటోళ్లు. కరీంనగర్ పోయే బస్సు ఒకనాడు ఆగి, డ్రైవర్ సుత దిగొచ్చిండంటరు.

గొంతు అంత పెద్దది గాని, భాగ్యశ్రీ దగ్గర పాటలు లేకుండె. పాటలన్ని అక్క రజిత దగ్గరుండె. వాళ్లింట్ల పాటల సంగతి వేరు. పాట ఒకసారి ఒక్క నోట్లనే ఉంటది. ఒకరికిస్తే ఇచ్చినోళ్ల దగ్గర ఉండదు, బిందె ఇచ్చినట్టే. పాటతోపాటు అందులున్న ముచ్చట సుత యాదికెల్లి ఎల్లిపోతది. ఇది వాడకట్టందరికీ తెలిసిందే గనుక ఎవ్వరూ నోరు తెరుచుకొని చూసేటోళ్లు కాదు. వాళ్లమ్మ పోశవ్వ పానం పోయే ముందు తన పాటలన్ని పక్కన కూసున్న పెద్దబిడ్డ నోట్ల పోసింది. చిన్నది అప్పుడు బడిల ఉండె, ఉరికొచ్చేసరికి పంపకం అయిపోయింది. పెద్దదానికి పాటలొచ్చినయి, చిన్నదానికి గొంతు మిగిలింది.

"ఎవరికన్న ఇయ్యి గాని, కొస ఉంచుకో" అని రాజనర్సు పెద్దబిడ్డకు చెప్పిండు. అది సాంచె కాడి పద్ధతి. భీము అంటే నూలు చుట్టిన పెద్ద రోలరు, దాని మీద నూలు అయిపోయినప్పుడు పాత పోగుల కొసలు సాంచెలనే ఉంచి, కొత్త భీము పోగులు వాటికి ఒక్కొక్కటే అతుకుతరు. కొస ఉంటే పూటల పని అయితది. తొందరపడి కొస కోస్తే, ప్రతి పోగూ మళ్ల మొదటి నుంచి కన్నంలకెల్లి తియ్యాలె. పాటకు సుత అంతే. పల్లవి ఇచ్చినోళ్ల నోట్ల ఉండాలె, మిగిలింది తీస్కపోవాలె. తిరిగిచ్చేటప్పుడు వీళ్లు పల్లవి అందుకుంటే వాళ్లు మిగిలింది అతుకుతరు. అప్పుడు పాట ఇంటికొస్తది.

రజితను కోరుట్లల ఇచ్చిన్రు. పెనిమిటి కుమార్ ఆటో నడుపుతడు. అత్త ఐలమ్మ, కోడలు రజిత ఇద్దరూ అరుగు మీద చాటలు ఒళ్లె పెట్టుకొని బీడీలు చేస్తరు. భాగ్యశ్రీ మొట్టమొదలు అక్క దగ్గర పాట తీసుకున్నది జగిత్యాల కాలేజీ ఫంక్షన్ కోసం. అత్తను తిట్టే పాట అది, మంచి కారం ఉన్న పాట. అది ఎల్లిపోయినంక రజితకు అత్త మీద కోపమే లేకుంట పోయింది. కాళ్లకు నూనె రాసింది, తల దువ్వింది, తన కూరల ముక్క తీసి అత్త కంచంల ఏసింది. కొస మాత్రం నోట్ల ఉన్నది గనుక ఒక్కోసారి ఏదో అనబోయి ఆగేది. ఫంక్షన్ అయినంక చెల్లె పాట తిరిగియ్య వస్తే ఐలమ్మ ఆటో స్టాండు దాక ఎదురువోయి, "నీ కాళ్లు మొక్కుత బిడ్డా, అది నువ్వే ఉంచుకో, నీకు యాటను కోస్త" అని బతిమిలాడింది.

అట్ల మొదలైంది భాగ్యశ్రీ పాటల జీవితం. నాటు పాట తీసుకుంటే రజితకు నాటేసుడు యాదికి లేకుండె. బాయి పాట తీసుకుంటే చేద ఎందుకో తెల్వకుండె. తిరిగొచ్చినంక అన్నీ తెలిసేటియి. బోనాలకు, గణపతులకు, బతుకమ్మలకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నడుమ ఆమె తిరగని ఊరు లేదు. మైకు ఇస్తే వద్దనేది. ఇచ్చినోళ్ల మైకులు పలిగిపోయేటియి.

ఒక్కటే లోటు. పల్లవి అక్క దగ్గరుంటది గనుక, పాట నడుమకెల్లి మొదలయ్యేది. జనం ముందుగాల ఒకరి మొఖం ఒకరు చూసుకునేటోళ్లు. ఆ లోటును పూడ్చింది వీరేందర్. బోయినపల్లి పోరడు, తాత తండ్రులు తాళ్లెక్కి కల్లు గీసినోళ్లు, ఈయన మాత్రం గిటారు పట్టిండు. ఎక్కే గుణం రక్తంల ఉన్నది గనుక పాట నడుమ స్పీకరు డబ్బాల మీదికెక్కి అక్కడి నుంచి వాయించేటోడు. పల్లవి ఉండాల్సిన కాడ ఆయన గిటారు పెట్టిండు. ఆ కరెంటు గిటారు గుర్రుమని లేసి, మాట కోసం ఎతికినట్టు ఎతికి, దొరకక ఆగేది. ఆగిన కాడ భాగ్యశ్రీ గొంతు అందుకునేది. డప్పు దాని కిందకెల్లి నడిచేది. అట్లాంటి సప్పుడు అంతకుముందు ఎవ్వరూ ఇనలే. పేపరోళ్లు వచ్చి, 'మొదలు లేని పాట' కొత్త పోకడ అని రాసిన్రు. హైదరాబాదుల ఒక పెద్దమనిషి దాని మీద గంటసేపు మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నడు. అక్క నోట్ల కొస ఉన్నదని ఆయనకేం తెలుసు.

ఐదారేండ్లు అట్ల నడిచింది. ఆ తర్వాత జనం చెవులు మారినయి. పెండ్లిబరాత్‌లకు డీజే బండ్లొచ్చినయి. డప్పాయన వేరే పని చూసుకున్నడు. భాగ్యశ్రీ సొంతంగ పాటలు కట్టింది. మంచిగనే ఉండేటియి గాని, పెండ్లిల పంచిన రుమాళ్ల తీరు, ఇంటికి పోయేసరికి ఎక్కడ పడిపోయినయో తెలువదు. ఒక బతుకమ్మకు ఆమెను ఎవ్వరూ పిలువలే. ఆ పండుగనాడు ఆమె ఇంట్ల తలుపేసుకొని పాడితే, సందుల మొగోళ్లు బువ్వకని లేసి మళ్ల కూసున్నరు.

అదే ఏడు కోరుట్లల రజితకు కొడుకు పుట్టిండు. అఖిల్ అని పేరు పెట్టుకున్నరు. తొట్టెలల ఏసినప్పుడు భాగ్యశ్రీనే నీలం చీర తొట్టెల కట్టింది. రజిత ఆనాడు ఒక మాట అందుకొని పాడింది. అది అమ్మ ఇచ్చిన పాట కాదు, రజిత సొంతంగ పుట్టించిన మాట, పిలగాని పేరున్న మాట. నాలుగు నెలలకు జరం వచ్చి పిలగాడు పోయిండు. ఇంకా బోర్ల పడుడు సుత రాలే వానికి.

ఆ తర్వాత ఆ ఒక్క మాటకు రజిత మిగిలిన పాట కట్టింది. బీడీలు చేసుకుంట మెల్లగ పాడేది. పాడినంత సేపు పిలగాడు ఒళ్లె ఉన్నట్టే చాట కొంచెం ఎత్తి పట్టుకునేది. బువ్వ తినేది కాదు. నిద్ర లేకుండె. చేతి గాజులు మోచేతి దాక జారుతుండె. ఐలమ్మ కోడలి చెల్లెను పెరట్లకు తీస్కపోయి, "బిడ్డా, నన్ను తిట్టే పాట తీస్కపోయినట్టే గీ పాటను సుత తీస్కపో. పిలగాడు ఎట్లా పాయె. కోడలన్న దక్కనీ" అన్నది.

భాగ్యశ్రీ ఆ పాటను అరుగు చాటుకు నిలవడి ఇన్నది. అక్క చిక్కిపోయిందన్న బాధ ఉన్నది. ఇంత పాట మళ్ల దొరకదన్న ఆశ సుత ఉన్నది. ఆ రెండిట్ల ఏది ముందు పుట్టిందో, తర్వాత ఆమె చాన సార్లు ఎతికి చూసుకున్నది. తెలువలే.

రజిత ఒప్పుకోలే. "అన్ని తీస్కపో చెల్లె. గదొక్కటి అడుగకు. గది పాట గాదు."

"నాకు తెల్వదా అక్క. జర సేపు నేనెత్తుకుంట. నువ్వు పండుకో."

ఆ మాటకు రజిత చాట తీసి పక్కకు పెట్టింది. పిలగాన్ని నిజంగ ఇస్తున్నట్టే చేతులు ముందుకు చాపింది.

"కొస నా దగ్గర్నే ఉంటది."

"ఉంటదక్క."

ఆనాడు రజిత ఎన్నో దినాలకు నిద్రపోయింది. నిద్రల సుత నాలుక కింద ఆ ఒక్క మాట పెట్టుకొని పండుకున్నది.

జగిత్యాల టవర్ కాడ, మెడికల్ షాపు మీది అంతస్తుల విఠల్‌ది పాటల ఛానెల్ ఉండె. గోడలకు గుడ్లు పెట్టే అట్టలు కొట్టి స్టూడియో చేసిండు. భాగ్యశ్రీ గొంతుకు అట్టలన్ని ఊడి పడ్డయి. విఠల్ వాటిని ఏరుకుంటనే కండ్లు తుడుచుకున్నడు, పాట అట్లాంటిది. తుడుచుకొని, "చెల్లె, దీనికి పల్లవేది?" అన్నడు.

వీరేందర్ గిటారు చూపెట్టిండు.

"గా కాలం పోయింది తమ్మీ. ఇప్పుడు ఫోన్ చేతిల పట్టుకున్నోడు మొదటి మాట కోసం ఆగుతడు. అది లేకుంటే బొటనవేలుతోని మీదికి నూకుతడు. పల్లవి పాడుతవా, ఇంటికి పోతవా?"

పల్లవి భాగ్యశ్రీకి తెలుసు. తొట్టెల కాడ ఇన్నది కదా. ఇన్ని దినాలు నోట్లెకు రానియ్యలే, అంతే. వీరేందర్ వద్దన్నట్టు తల ఊపిండు. ఒక్కసారే కదా, పాడి మళ్ల ఇచ్చేస్త అనుకున్నది. కండ్లు మూసుకొని పాడింది.

అదే ఎండపొద్దుకు కోరుట్లల రజిత బీడీకి దారం చుట్టుకుంట తల ఎత్తింది. ఎవలో పిలిచినట్టు బజారు దిక్కు చూసింది. చూసి చూసి, అత్త దిక్కు తిరిగి, "అత్తమ్మా, ఇయ్యాల ఏం కూర వండుదాం?" అన్నది. ఐలమ్మ కోడలికి ఆకలైందని సంబురపడ్డది.

పాట ఎట్ల పోయిందంటే, గాలికన్న ముందు పోయింది. ఆటోలల్ల, హోటళ్లల్ల, కల్లు మండువాలల్ల అదే. కొండగట్టు మెట్ల మీద కోతులు సుత భక్తుల ఫోన్లు గుంజుకొని ఇన్నయి. ఇంకొక గమ్మతున్నది. పాట ఒక్క నోట్లనే ఉంటది గనుక ఇన్నోళ్లెవ్వరికీ నోటికి రాకుండె. కూనిరాగం తీయబోతే ఉత్త గాలి వచ్చేది. ఇంక చేసేదేముంది, మళ్ల ఫోన్ నొక్కి ఇనాలె. బుగ్గారంల ఒక రైతు నాగలి ఆపి పొద్దంత నొక్కిండు, ఎడ్లు కథ తెలుసుకొని తామే దున్నుకున్నయి. భాగ్యశ్రీ పేరు రాష్ట్రం దాటింది. స్టేజీలు మొదలైనయి, లైట్లు మొదలైనయి. చీర కట్టే మనిషి వేరే, తల దువ్వే మనిషి వేరే.

ఆమెకు మాత్రం చేతులు నొచ్చేటియి. మొదటి ఏడు ఎడమ చెయ్యి నొచ్చింది, పసిపిల్లను ఎత్తుకుంటే తల ఆనే కాడ. తర్వాత బరువు నడుం మీదికి, చంకకు మారింది. ఒకనాడు స్టేజీ మీద పాట ఆఖరుకు వచ్చేసరికి చంకల బరువు జారి కిందికి దిగింది. కొంగు పట్టుకొని ఎవలో గుంజినట్టయింది. పాట ఆమె దగ్గర పెరుగుతున్నది. ఆ సంగతి ఆమె వీరేందర్‌కు సుత చెప్పలే. కొత్తగ పుట్టిన చరణం నోటి దాక వచ్చినా ఎక్కడా పాడలే. ఆ చరణం ఎవలి సొమ్మో ఆమెకు తెలుసు.

అక్క దగ్గరికి పోక రెండేండ్లాయె. ఎందుకు పోలే అంటే షోలున్నయి అనేది. ఆఖరుకు ఒక ఎండపొద్దు కోరుట్లల దిగింది.

రజిత నున్నగ, నిండుగ ఉన్నది. చెల్లెను చూసి నవ్వుకుంట లేసి కావలించుకున్నది. మంచినీళ్లిచ్చింది. ఫోన్ తీసి చూపెట్టింది.

"నీ పాట మా వాడకట్టంత ఇంటున్నరే. ఎవల పిలగాడో గాని, పాపం. ఇంటె కడుపుల కలుక్కుమంటది. నువ్వెట్ల కట్టినవ్ చెల్లె, నీకు పిల్లలు సుత లేకపాయె."

భాగ్యశ్రీ నీళ్ల గిలాస కింద పెట్టింది. చూపు పక్కకు తిప్పుకుంటే చాట పక్కన తడిపిన తునికాకు ముల్లె కనపడ్డది. ఆకు ఆరిపోకుంట తడిగుడ్డల చుట్టి పెడ్తరు. ఆ గుడ్డ నీలం చీర ముక్క. తాను కట్టిన తొట్టెల.

"గీ గుడ్డ ఏడిదక్క?"

"ఏమో, పెట్టెల ఉంటే తీసిన. మంచిగ నీళ్లు పట్టుకుంటది."

భాగ్యశ్రీ అక్కడ్నే పాట ఎత్తి తిరిగియ్యజూసింది, రజిత ఎవలదో పాట ఇన్నట్టే తల ఊపుకుంట ఇన్నది. ఐలమ్మ లోపలికి ఎల్లిపోయింది. పిలగాని ఫొటోలు ఐలమ్మనే దాసిపెట్టింది, వాడకట్టుల ఎవ్వరూ ఆ పేరెత్తద్దని ఒట్టేయించుకున్నది. అనుకున్నట్టే కోడలు దక్కింది. దక్కిన కోడలు మనుమని తొట్టెలల బీడీ ఆకు చుట్టుతుంటే ఆ ముసలిది రోజూ చూసుకుంట, రోజూ లోపలికే పోతుండె.

తిరిగి పోయేటప్పుడు కుమార్ ఆటోల బస్టాండుకు తీస్కపోయిండు. కోరుట్లల పాట పెట్టని ఆటో అదొక్కటే. బస్టాండు వచ్చినా కుమార్ దిగుమనలే. అద్దంలకెల్లి చూసుకుంట అన్నడు.

"మరదలా, నిన్ను ఏమనను. రజిత తింటున్నది, పండుకుంటున్నది. గాని ఇంట్ల వాన్ని యాది చేసెటోన్ని నేనొక్కన్నే మిగిలిన. ఎవలికి చెప్పుకోవాలె? నాకు సుత ఒక్కోసారి అనుమానమొస్తది, వాడు నిజంగ పుట్టిండా అని."

భాగ్యశ్రీ జగిత్యాల బస్సెక్కలే. సిరిసిల్ల బస్సెక్కింది.

రాజనర్సు సాంచె ఆపిండు. పోగు తెగకుంట ఆయన సాంచె ఆపుడు ఆ సందుల ఎవ్వరూ చూడలే. ఆ సప్పుడు లేక పక్కింటి పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చిన్రు. బిడ్డ చెప్పింది మొత్తం ఇన్నడు. తిట్టలే. "కొస కోసినవా బిడ్డా" అని మాత్రం అన్నడు.

"తిరిగిద్దామంటే అతుకు పడ్తలేదు నాయినా. నేను పాడినా అక్క ఉత్తగ ఇంటున్నది."

"దేనికి అతుకుతది? కొస లేదాయె. కొత్తగ తియ్యాలె, ఒక్కొక్క పోగు. పక్కన కూసొని తియ్యాలె, లేవద్దు." నూలు సవరించుకుంట మళ్ల అన్నడు. "ఇంకోటి. ఇచ్చినంక అది నీ దగ్గర ఉండదు. గా ఫోన్లల్ల సుత ఉండదు. నీకు బతుకిచ్చిన పాట. ఎరుకేనా?"

"ఎరుకే."

"అక్కకు మళ్ల గా ఏడుపే ఇస్తున్నవు. గది సుత ఎరుకేనా?"

భాగ్యశ్రీ తల ఊపింది. అక్క బుగ్గలు నిండుగ ఉన్నయి. ఆ బుగ్గలు మళ్ల పీక్కపోతయి. పోనీ అని ఊకుంటే, ఒక పిలగాడు తల్లికి పుట్టకుంటనే పోతడు.

తెల్లారి అరుగు మీద రజిత ముంగట కూసున్నది. ఐలమ్మ ఫొటోలు తీసుకొచ్చి చేతికియ్యకుంట పక్కన పెట్టి గోడకొరిగింది. కుమార్ ఆటో తియ్యలే.

భాగ్యశ్రీ తునికాకు ముల్లె ఇప్పి, ఆకంత చాటల పోసి, నీలం గుడ్డను అక్క ఒళ్లె పరిచింది. మొదలుపెట్టింది. ఇది తొట్టెల అక్క, దూలానికి కట్టినం. రజిత నవ్వింది. ఎవల తొట్టెల అన్నది. నీ కొడుకుది. రజిత ఇంకా నవ్వింది, నాకు పిలగాడేందే, ఇంటె నలుగురు నవ్వుతరు అన్నది. వాని కుడి చెవి కొంచెం మడిచినట్టు ఉండె. నువ్వు నూనె పెట్టి సాపు చేసేదానివి. తుమ్ముతే తానే ఉలిక్కిపడేటోడు. కుమార్ గుమ్మం కాడికెల్లి, ఆటో హారన్‌కు నవ్వేటోడు అన్నడు. ఐలమ్మ, పాలు తాగుకుంట నీ పుస్తెలు పట్టుకునేటోడు అన్నది. రజిత నవ్వుడు ఆపింది. చెయ్యి తనకు తెల్వకుంటనే పుస్తెల మీదికి పోయింది. కోపమొచ్చి లేవబోయింది. చెల్లె గట్టిగ పట్టుకొని కూసోబెట్టింది. జరం సంగతి చెప్పింది. కుమార్ నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నడు. ఒక్కొక్క పోగు. పొద్దు గోడ దిగి అరుగు మీదికొచ్చి, అరుగు దాటి బజార్లకు పోయింది.

అప్పుడు భాగ్యశ్రీ పల్లవి అందుకున్నది. ఆ మాట ఇక్కడ చెప్పరాదు. ఎవరికన్న తెలిసినా నోటికి రాదు. పెద్ద గొంతుతోని కాదు, సాంచెల మధ్య పుట్టిన ఆ పిల్ల బతుకుల మొదటిసారి మెల్లగ, అక్క చెవుల పాడింది. చరణం వెంబడి చరణం తన నోట్లకెల్లి పోతుంటే, పోయినంత మేర తేలికైతుంటే, ఆ తేలికకే ఆమె ఏడ్చింది. అంతా అయిపోయినంక ఇంకొక్కటి మిగిలింది. పక్కింటి గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఉత్తగ ఇయ్యరు కదా, ఏదన్న పెట్టిస్తరు. ఎక్కడా పాడని ఆ కొత్త చరణం, తాను మోసినన్ని దినాలల్ల పుట్టింది, అది సుత అక్క చెవుల పెట్టింది.

రజిత చేతిల ఆకు కత్తిరించే కత్తెర జారి పడ్డది. రెండు పిడికిళ్లతోని చెల్లె వీపు మీద గుద్దింది, గుద్దుకుంటనే ఉన్నది. చెల్లె కదలలే. చేతులు అలిసిపోయినంక నీలం గుడ్డను మొఖానికి అదుముకొని, అందులకెల్లి అడిగింది.

"నడుస్తున్నడా?"

"నడుస్తున్నడక్క. చెప్పులేస్కోడు. కోడి ఎనుక ఉరుకుతడు."

"పడడు గద?"

"పడ్తడు. మళ్ల తానే లేస్తడు."

అప్పుడు రజిత ఏడ్చిన ఏడుపుకు కోరుట్లల పొయ్యిలన్ని ఆరిపోయినయి. కుమార్ వచ్చి పక్కన కూసున్నడు. ఇద్దరు కలిసి ఏడ్వక రెండేండ్లాయె.

ఆ పొద్దుకే లోకంల ఫోన్లన్నిట్ల ఆ పాటకెల్లి గొంతు ఎల్లిపోయింది. గిటారు ఉన్నది, తాళమున్నది, నడుమ మనిషి లేదు. జనం ఫోన్లు చెవులకు కొట్టుకొని చూసిన్రు. విఠల్ టవర్ కాడ నెత్తి పట్టుకొని కూసున్నడు. పెద్ద స్టేజీలోళ్లు మళ్ల పిలువలే. భాగ్యశ్రీ సంగతి తెలుసుకొని వీరేందర్ వచ్చి, "పల్లవి కాడ నా గిటారు మళ్ల కావల్నా?" అని ఒక్కటే అడిగిండు.

కావాల్సొచ్చింది. ఇప్పుడు భాగ్యశ్రీ ఏడాదికొక్కసారి కోరుట్లకు పోతది. రజిత కొస ఉంచుకొని పాటిస్తది. ఇయ్యడానికి చానసేపు పడ్తది, ఇచ్చేటప్పుడు చేతులు చాపుతది. భాగ్యశ్రీ బడి వాకిళ్లల్ల, సాంచెల షెడ్లల్ల పాడుతది, లైట్లుండయి. పల్లవి కాడ గిటారు ఎతికి ఎతికి ఆగుతది. ఆగినప్పుడు ఇనేటోళ్లు కోరుట్ల దిక్కు తల తిప్పుతరు, ఆ మాట నాలుక కింద పెట్టుకొని ఒక తల్లి బీడీలు చుట్టుకుంట ఎదురుచూస్తున్నదని ఇప్పుడందరికీ తెలుసు. తిరిగిచ్చినప్పుడల్లా ఒక చరణం ఎక్కువిస్తది. అవి భాగ్యశ్రీ సొంత చరణాలు. రుమాళ్ల తీరు ఎక్కడా పడిపోవు. ఒక ఏడు పిలగానికి మాటలొచ్చినయి, ఒక ఏడు పాలపన్ను ఊడింది. రజిత బుగ్గలు పీక్కపోయినయి, నిద్ర అంతంతే. అయినా ఎవలన్న పిల్లలెంతమంది అని అడిగితే, ఒక్కడు అంటది. ఐలమ్మను తిట్టే పాట సుత చెల్లె తిరిగిచ్చింది, మంచిగ పాడుతున్నది.

ఈ ఏడు పాటల పిలగాడు బడికి పోతనని ఏడ్చిండట. పోనని కాదు, పోతనని.

అందుకే, నువ్వెట్లాగూ మెట్‌పల్లి దిక్కే పోతున్నవు గద. జగిత్యాల టవర్ కాడ దిగి ఒక పలక కొను. రాతి పలకనే కొను, ప్లాస్టిక్‌ది వద్దు. బలపాల డబ్బ సుత తీసుకో. కోరుట్లల రజిత చేతికియ్యి, ఎవరికని అడుగకు. ఆమె ఏదన్న పాడుతుంటే మాత్రం గుమ్మం కాడ్నే ఆగు, నడుమ పిలువకు. పిలగాడు పండుకున్నడేమో.